ఫెబా సాక్ష్యం

మనసులో గడ్డకట్టిన దుఃఖాన్ని నోటితో చెప్పించగలిగితే సగం వైద్యం అయిపోయినట్టేనని ప్రియదర్శినికి గట్టి నమ్మకం. నంద్యాలలో ఆమె గదికి కౌన్సెలింగ్ కోసం వచ్చేవాళ్లలో ఎక్కువమంది మాట పెగలనివాళ్లే. కుర్చీ అంచున కూర్చుని గోళ్లు గిల్లుకుంటారు. తొందరపెట్టకుండా, కొంచెం కొంచెంగా వాళ్లను ఆ పాడురోజు దగ్గరికి నడిపించుకుపోవడమే ఆమె పని. ఆ పనిలో ఆమెకు మంచి పేరుంది. ఆ పేరంటే ఆమెకు కాస్త మోజు కూడా ఉంది.

ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఫెబా మాత్రం కూర్చోగానే గడగడా చెప్పేసింది. బేతంచెర్ల నుంచి నాపరాళ్లు వేసుకొస్తున్న ట్రాక్టరులో తనూ, కూతురు దీవెనా ఎక్కడం, మలుపులో ట్రాలీ బోల్తా పడటం, రాళ్ల కింద బిడ్డ ఇరుక్కుపోవడం. "నా బిడ్డ ఏసయ్యా ఏసయ్యా అంటా, నగుతా ప్రభువు దగ్గరికి పోయింది. నన్ను సాక్షిగా మిగిల్చినాడు. దేవునికే స్తోత్రం." ఎక్కడా గొంతు వణకలేదు. పక్కన కూర్చున్న భర్త ఇస్సాకు కళ్లు తుడుచుకుని "ఆమెన్" అన్నాడు.

బిడ్డ నవ్వుతూ పోయిందన్న ఆ మాట, చర్చిలో లేచి నిలబడి చెప్పి చెప్పి అరగదీసిన సాక్ష్యమని ప్రియదర్శినికి అర్థమైంది. రాత్రుళ్లు నిద్ర పట్టని, పసిపిల్ల ఏడుపు చెవిన పడితే చాలు ఒళ్లంతా చెమటలు పట్టే మనిషి లోపల ఉన్న మాట అది కాదు. ఇదంతా పాస్టరు నేర్పిన చిలకపలుకులని తేల్చేసుకుని ఆయన మీద లోలోపల మండిపడింది. పాపం, ఆయనకేం తెలుసు!

ఆ మరుసటిసారి నుంచి ఇస్సాకును బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఫెబాతో ఒంటరిగా మాట్లాడింది. పాదాలు నేలకు ఆనించమనేది, భయమేస్తే ఆపేయమనేది, మళ్లీ మొదటినుంచి చెప్పమనేది. ఎండాకాలం పోయి వానలు పడ్డాక ఒకనాడు ఫెబా నోట అసలు మాట వచ్చింది.

"అది ఏసయ్యా అనలే మేడమ్. అమ్మా, రాయి తీయమ్మా అని అరిసింది. నా కాలు ఇరుక్కోనుండె, చెయ్యి అందలే. ఇంగ ఇనలేక చెవులు మూసుకుంటి. తండ్రీ, బేగా తీస్కపో అని ప్రార్థన చేసినా. నా బిడ్డ బేగా సావల్లని."

ఆ రోజు ఫెబా తనివితీరా ఏడ్చింది. తర్వాతి వారం వచ్చి, కంటినిండా నిద్ర పడుతోందని చెప్పింది. ప్రియదర్శిని సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

"ఇంత బరువు ఒక్కదానివే ఎందుకు మోయడం? ఇస్సాకుతో చెప్పమ్మా."

"ఆయప్పకు వద్దు మేడమ్."

ఎందుకు వద్దో ప్రియదర్శిని అడగలేదు. మొగుడు కోప్పడతాడని భయం కాబోలు అనుకుంది. వచ్చినప్పుడల్లా అదే మాట మెత్తమెత్తగా చెబుతూ పోయింది. మెత్తగా చెబితే అది బలవంతం కాదని ఆమె నమ్మకం. ఫెబా వినేది, తల ఊపేది, ఇంటికి పోయి నోరు మెదపేది కాదు.

చర్చి వార్షికోత్సవానికి ఇస్సాకు స్వయంగా వచ్చి పిలిచాడు. "మా ఫెబాను మళ్లా మనిషిని చేసినారు. మీరు రావల్ల." ప్రియదర్శిని మురిసిపోతూ ఆళ్లగడ్డ వెళ్లి ఆడవాళ్ల వైపు కూర్చుంది. పాస్టరు ఫెబాను సాక్ష్యానికి పిలిచాడు. రాళ్ల దాకా ఎప్పట్లాగే చెప్పుకొచ్చిన ఫెబా, అక్కడ ఆగి ప్రియదర్శిని వైపు చూసింది. ధైర్యంగా చెప్పు అన్నట్టు ప్రియదర్శిని తల ఊపింది.

"అది నగలేదు. రాయి తీయమ్మా అని అరిసింది. నేను ప్రార్థన చేసినా..."

"ఆమెన్!" అన్నారు అలవాటుకొద్దీ జనం.

"...అది బేగా సావల్లని."

పాస్టరు గబగబా మైకు అందుకుని పాట ఎత్తుకున్నాడు. ఇస్సాకు లేచి బయటికి వెళ్లిపోయాడు. ప్రియదర్శిని వెనకాలే పరుగెత్తింది.

అతను చర్చి మెట్ల మీద కూలబడి ఉన్నాడు. ముఖంలో కోపం ఇసుమంతైనా లేదు. ఉన్నా బాగుండేది.

"ఆస్పత్రిలో నేనే అడిగినా మేడమ్, బిడ్డ ఎట్ల పోయిందని. నగుతా పోయింది అనింది. ఆ ఒక్క మాట పట్టుకోని బతుకుతాండా. ఇప్పుడు దేన్ని పట్టుకోవల్ల?"

ఆ అబద్ధం పాస్టరు నేర్పింది కాదు. కాలు విరిగి మంచాన పడి ఉన్న తల్లి, మొగుణ్ణి బతికించుకోవడానికి అల్లుకున్నది. దాన్ని పట్టుబట్టి విప్పించింది తానేనని ప్రియదర్శినికి ఇప్పుడు తెలిసొచ్చింది. తెలిసి ఏం లాభం?

ఫెబా కుంటుకుంటూ బయటికి వచ్చింది. ఇస్సాకు తలెత్తి చూశాడు.

"ఎంతసేపు అరిసింది?"

ఫెబా ప్రియదర్శిని వైపు తిరిగింది. చెప్పమంటారా, వద్దంటారా అన్నట్టు చూసింది. ఇన్ని నెలలూ చెప్పు చెప్పు అన్న మనిషి తల దించుకుంది.

"ఎంతసేపే?" అన్నాడు మళ్లీ.

"శానా సేపు," అంది ఫెబా.