పార్సిల్ కావాలంటే చాయ్ తాగాలె

పెళ్లయి ఇంగ్లండుకు రాకముందు మహిమ లక్సెట్టిపేటలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లిషు చెప్పేది. కాబట్టి ఆ దేశంలో భాషతో కష్టం ఉండదనుకుంది. ఉండలేదు కూడా. మాట్లాడే మనిషి దొరికితే కదా భాషతో పని.

భర్త వెస్లీ నస్పూర్ బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. ఉద్యోగం లండన్‌లో, ఇల్లు మాత్రం రైల్లో గంట దూరంలో ఉన్న చిన్న పట్నంలో. ఆ వీధిలో దాదాపు అందరిదీ అదే బతుకు. పొద్దున్నే తలుపులు ఒకదాని వెనుక ఒకటి మెత్తగా మూసుకునేవి. మనుషులు మూతపెట్టిన కాఫీ గ్లాసులతో స్టేషన్ వైపు నడిచి, చీకటిపడే వేళకు తిరిగొచ్చి ఇళ్లలోకి దూరేవారు. ప్లాట్‌ఫారం మీద ఏళ్ల తరబడి పక్కపక్కన నిలబడేవాళ్లు కూడా ఒకరి పేరు ఒకరు అడగరని వెస్లీ గర్వంగా చెప్పాడు.

"గది మర్యాదంటె. ఎవల బతుకు వాళ్లది."

"మరి రోజూ నీ పక్కపొంటి నిలవడేటాయన పేరేంది?"

"నాకేమెరుక?"

వెస్లీ పెరిగిన క్వార్టర్లలో గోడ అవతల కూరలో ఉప్పు తగ్గితే ఇవతలివాళ్లకు తెలిసేది. అలాంటివాడు ఇప్పుడు తుమ్మొస్తే ముక్కు నొక్కుకుంటున్నాడు. మోకాలికి గేటు తగిలితే గేటుకు సారీ చెబుతున్నాడు. కుక్కర్ రెండో విజిల్ వేయబోతుంటే ఉరికొచ్చి స్టవ్ ఆపేవాడు.

"పప్పు ఉడకలే," అనేది మహిమ.

"పచ్చిగుంటె పచ్చిగనే తిందాం. పక్కోళ్లు ఏమనుకుంటరు?"

పక్కాయన నైజెల్. మొదటిసారి పరిచయమైనప్పుడు వెస్లీ పేరు విని, "బాగుంది, మీ అసలు పేరు ఏమిటి?" అని అడిగాడు. ఆ పేరు వెస్లీ ముత్తాతల కాలంలో ఈ ఇంగ్లండు మిషన్ దొరలే ఓడల్లో మోసుకొచ్చి ఇచ్చింది. ఇదే అసలు పేరని వెస్లీ చెప్పాడు. నైజెల్ నవ్వాడు. ఆ తర్వాత ఎన్నడూ ఆయన వెస్లీని ఏ పేరుతోనూ పిలవలేదు.

వచ్చిన మొదటి ఆదివారం మహిమ బైబిలు సంచిలో పెట్టుకొని వీధి చివరి మెథడిస్టు చర్చికి వెళ్లింది. రాతిగోడ మీద పేరు చెక్కే ఉంది. లోపల బెంచీలు లేవు. గోడలకు రంగురంగుల గుబ్బలు బిగించి ఉన్నాయి. బిగుతు బట్టల్లో జనం వాటిని పట్టుకొని పైకి పాకుతున్నారు. చర్చి ఇప్పుడు గోడలెక్కే జిమ్ అయింది. కౌంటర్ దగ్గరి పిల్ల సభ్యత్వం ఉందా అని అడిగింది. చిన్నప్పుడే బాప్తిస్మం అయిందని మహిమ చెప్పింది. ఆ పిల్ల కంప్యూటర్‌లో కాసేపు వెతికి, అది ఇక్కడ చెల్లదేమోనంది.

ఫోన్‌లో ఈ సంగతి విన్న తల్లి సంతోషమ్మ, "మనకు దేవుని తెచ్చిచ్చి వాళ్లు గోడలెక్కుతుండ్రా బిడ్డా," అంది.

పగలు వీధిలో బెల్లు కొడితే తలుపు తీసే మనిషి మహిమ ఒక్కతే. ఈ సంగతి ముందు పార్సిళ్లు తెచ్చే అబ్బాయి కనిపెట్టాడు. తర్వాత వీధంతా కనిపెట్టింది. నెల తిరిగేసరికి వాళ్ల ముందుగది పోస్టాఫీసైంది. కుక్కపిల్ల స్వెట్టర్లు, యోగా చాపలు, చెట్టుకు పెట్టే దీపాలు. సాయంత్రం ఒక్కొక్కరు గడపదాకా వచ్చి, "మీరు బంగారం," అని అట్టపెట్టె అందుకొని పోయేవారు. లోపలికి రమ్మంటే కరుస్తానన్నట్టు వెనక్కి జరిగేవారు.

క్రిస్మస్‌కు ఆమె సకినాలు చేసి ఇంటింటికీ డబ్బాలో పంచింది. డబ్బాలు కడిగి, తుడిచి, థాంక్యూ కార్డులతో తిరిగొచ్చాయి. రెండ్రోజుల తర్వాత నైజెల్ ఇంటి కిటికీలోంచి చూస్తే, ఆమె సకినాలు ఎర్ర రిబ్బన్లతో క్రిస్మస్ చెట్టుకు వేలాడుతున్నాయి.

"ఇష్టపడ్డరన్నట్టే గదా," అన్నాడు వెస్లీ.

ఫిబ్రవరిలో లక్సెట్టిపేటలో మహిమ బాపు ఏలియా గుండెపోటుతో పోయాడు. వీసా పొడిగింపు దరఖాస్తు నడుస్తోంది. ఇప్పుడు దేశం దాటితే అది రద్దవుతుంది. బాపును మట్టి చేసేది ఆమె ఫోన్‌లోనే చూసింది. అందరూ పిడికెడు మన్ను వేసే వేళకు బొమ్మ ఆగిపోయింది. తమ్ముడి వేళ్ల మధ్య మన్ను అలాగే గాల్లో నిలిచిపోయింది.

శనివారం మధ్యాహ్నం దూరపు పట్నాల నుంచి తెలుగు కుటుంబాలు కార్లేసుకొని వచ్చాయి. అన్నం వండి తెచ్చారు. ప్రార్థన చేసి పాటలు పాడారు. మహిమ ఆ దేశంలో మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. రెండో పాట సగంలో వీధి వాట్సప్ గ్రూపులో నైజెల్ మెసేజ్ వచ్చింది. పార్టీ చాలా ఉత్సాహంగా సాగుతున్నట్టుంది, సంతోషం, కాకపోతే రోడ్డు పక్క గడ్డి అంచు మీద కార్లు నిలపకూడదని చిన్నగా గుర్తు చేస్తున్నాను, అని దాని సారాంశం.

వెస్లీ వెంటనే జవాబు టైపు చేశాడు. మా మామగారు చనిపోయారు, అసౌకర్యానికి క్షమించండి, అని. వీధి అంతా చేతులు జోడించిన బొమ్మలు, పూల బొమ్మలు పంపింది. ఒకామె మాత్రం పూలబొమ్మ కింద, నా పార్సిల్ మీ దగ్గరే ఉందా అని అడిగింది.

మహిమ ఫోన్ తీసుకొని అదంతా చదివింది.

"మా బాపు సచ్చిపోయినందుకు మాఫీ అడిగినవా?"

"గట్ల కాదే. కార్ల గురించి."

"గంట సేపు ఓర్చుకోలేరా? వాళ్ల డబ్బాలు మనింట్ల నెలల సంది పండుకుంటున్నయి గదా."

వెస్లీ బయటికి వెళ్లి కార్లు తీయించాడు.

సోమవారం మహిమ పార్సిళ్లన్నీ ముందుగది నుంచి మార్చి లోపలి గదిలో సోఫా వెనుక పేర్చింది. సాయంత్రం నైజెల్ వచ్చి బెల్లు కొట్టి గడప అవతల నిలబడ్డాడు.

"లోపలుంది. వచ్చి కూర్చుంటే ఇస్తాను," అంది మహిమ, బడిలో పిల్లలకు చెప్పినంత స్పష్టంగా.

ఆయన వీధి అటూ ఇటూ చూశాడు. వాన పడుతోంది. బూట్లు విప్పి లోపలికొచ్చాడు. మేజోడు బొటనవేలి దగ్గర చిరిగి ఉంది. మహిమ అల్లం దంచి, పాలు పోసి, పొంగించిన చాయ్ ఆయన ముందు పెట్టి, బాపు ఫోటో ఎదురుగా నిలిపింది. బాపు గోదావరి ఒడ్డున మక్కజొన్న వేసేవాడని, చర్చిలో డప్పు కొట్టేవాడని, తనను సైకిల్ మీద బడికి తీసుకుపోయేవాడని చెప్పింది. నైజెల్ నాలుక కాల్చుకుంటూ మొత్తం తాగాడు. వెళ్లేటప్పుడు, "ఆయన మంచి మనిషిలా ఉన్నారు," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఆ వారం ఎవరొచ్చినా అదే షరతు. చాయ్ తాగాలి, తమ పేరు చెప్పాలి, బాపు గురించి వినాలి. వెస్లీ తలపట్టుకున్నాడు. "ఇజ్జత్ తీస్తున్నవు, మహిమా. రేపు ప్లాట్‌ఫారం మీద వాళ్ల మొహం ఎట్ల చూడాలె?"

"ఇన్నొద్దులు చూసినవా ఏంది?"

వీధి కూడా ఊరుకోలేదు. కానీ దాని తిరుగుబాటు కూడా నిశ్శబ్దంగానే జరిగింది. ఎవరూ మాట అనలేదు, గొడవపడలేదు. స్టేషన్ దగ్గర పార్సిళ్లు దాచుకునే పెట్టెలు ఉన్నాయి; ఒక్కొక్కరే చిరునామా అక్కడికి మార్చుకున్నారు. ఒక కప్పు చాయ్ తప్పించుకోవడానికి పెద్దపెద్ద అట్టపెట్టెలు చంకన పెట్టుకొని వానలో నడిచి వచ్చేవారు. మహిమ కిటికీలో కూర్చొని చూసేది. వాళ్లు చెయ్యి ఊపలేకపోయేవారు, చేతులు నిండుగా ఉండేవి కాబట్టి.

ఎదురింటి హిలరీ ఒక్కతే చిరునామా మార్చలేదు. డెబ్బై దాటిన ఒంటరి మనిషి, పగలు బెల్లు మోగినా తలుపు తీసేది కాదు. మొదటి రోజు పేరు చెప్పి, బాపు కథ విని, రెండో కప్పు అడిగింది. మూడోసారి వచ్చినప్పుడు పార్సిల్ ఏమీ లేదు. కుర్చీ దగ్గరికి లాక్కొని, గొంతు తగ్గించి, నైజెల్ భార్య అతన్ని ఎందుకు వదిలిపోయిందో చెప్పడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి మూల ఇంటివాళ్ల కంచె తగాదాకు వెళ్లింది, గడ్డి అంచు మీద నైజెల్ స్వయంగా వేసిన కాంక్రీటు దాకా వచ్చింది. వీధిలో ఒక్క ఇల్లు మిగల్లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మహిమ ఇదంతా చెబుతుంటే, వెస్లీ చెంచా కింద పెట్టాడు.

"ఆగు. కంచె కొట్లాటల ఎవలు ముందు తిట్టిండ్రు?" అన్నాడు, గొంతు తగ్గించడం మరిచిపోయి.