నా ముల్లు తగ్గితే చప్పట్లెందుకు?

సత్యారావు మాస్టారూ, జిల్లా పోటీల్లో మీ శిష్యురాలు పైడితల్లిని కూలదోసింది మీరే. దిష్టి తగిలిందని ఊళ్ళో చెప్పుకోకండి. దాహంతో ఆ పిల్ల నాలుక పిడచకట్టుకుపోతుంటే, నా ముల్లు వెనక్కి జరిగిందని చప్పట్లు కొట్టారు మీరు. పక్కన నిలబడి "శభాష్" అన్న వ్యాయామశాల సంఘం పెద్దలకూ ఇందులో వాటా ఉంది.

నేను ఒక బరువు తూచే యంత్రాన్ని. కింద ఇనుప పలక, లోపల స్ప్రింగు, పైన గుండ్రటి ముఖం మీద ఒకే ఒక్క ముల్లు. కార్ఖానాలో నన్ను బిగించినవాళ్ళు బరువు ఎంతో చెప్పడం నేర్పారు, ఆ బరువు దేనిదో చెప్పడం నేర్పలేదు.

మొదట బెల్లం కొట్లో ఉన్నాను. అక్కడ ముల్లు తగ్గితే దొంగతనం. తరవాత పిల్లల ఆసుపత్రికి అమ్మేశారు. అక్కడ తగ్గితే తల్లులు కొంగు నోట్లో కుక్కుకునేవారు. చివరికి విజయనగరం దగ్గర ఈ రేకుల షెడ్డు వ్యాయామశాలకి వచ్చి పడ్డాను. ఇక్కడ తగ్గితే పండగ! అదే ముల్లు, అటే జరుగుతుంది. ఒకచోట ఏడుపు, ఒకచోట చప్పట్లు. మనుషుల సంగతి నాకు ఇప్పటికీ వింతే.

పైడి బరువులెత్తే పిల్ల. రాష్ట్ర జట్టులోకి ఎంపికైతే క్రీడా హాస్టల్లో సీటు. కాకపోతే ఇంట్లోవాళ్ళు సాధన మాన్పించేస్తారు. మాస్టారూ, మీ ఎత్తుగడ ఏమిటంటే, కింది బరువు తరగతిలో పోటీ తక్కువ కాబట్టి పిల్లని అందులోకి దించెయ్యాలి. అందుకని మిట్టమధ్యాహ్నం స్వెట్టరు మీద స్వెట్టరు తొడిగి పరిగెత్తించారు. నోట్లో ఉన్న తడి కూడా ఉమ్మించేశారు.

"ఒక్క గుక్కండీ మాస్టారూ..."

"తాగితే ముల్లు పైకెల్లిపోద్ది. పతకం కావాలా, నీల్లు కావాలా?"

జిల్లా పోటీల రోజు తూకంలో పైడి నెగ్గింది. రోజూ ఆడుతూ పాడుతూ ఎత్తే బరువుల బారు ఆ రోజు భుజాల దాకా వచ్చి ఆగిపోయింది. మోకాళ్ళు మడతపడ్డాయి. బారు ఒక పక్క, పిల్ల ఒక పక్క.

మర్నాడు పైడి నా మీద ఎక్కింది. తగ్గించినదంతా తిరిగొచ్చేసింది. పక్కనే స్నేహితురాలు గౌరి ఉంది.

"ఒక్క రాత్తిరికి ఇంత కొవ్వు పెరిగిపోద్దేటే గౌరీ?" అని, పైడి నిండు నీళ్ళ సీసా చేత్తో పట్టుకుని మళ్ళీ ఎక్కింది.

"మతిపోనాదేటే? సీసాని కూడా పోటీకి దించుతావా?" అంది గౌరి.

"ముల్లు సూడవే."

దిగకుండానే సీసా మొత్తం గటగటా తాగేసి, ఖాళీ సీసా పట్టుకుని నిలబడింది. నా ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు.

"సీసాలో నీల్లు నాలోకొచ్చినా బరువు బరువేనే! మరి మాస్టారు నాలోంచి తీయించింది కొవ్వేటి? నీల్లే!"

"నీల్లు పిండీసి బారెత్తమన్నాడా!" అని గౌరి పడీపడీ నవ్వింది. పైడి నవ్వలేదు. నా మీద ఎక్కినవాళ్ళంతా అంకె చూసి దిగిపోయినవాళ్ళే. ఆ అంకె దేనిదని ప్రశ్న వేసింది ఈ పిల్ల ఒక్కతే.

"మాస్టారండీ, నన్ను పై తరగతిలో రాయండి. అక్కడైతే తాగి, తిని ఎత్తుతాను," అని అడిగింది.

"నాకు పాటాలు సెప్పీదానివైపోనావా?" అని మీరు కసిరారు. మిమ్మల్నీ మీ గురువు ఇలాగే ఎండబెట్టాడట. అప్పట్లో మీరెందుకు ఓడిపోయారో ఇంతవరకూ ఆరా తీయలేదు.

మాస్టారూ, రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలకి రేపే పేర్లు పంపాలి. పైడిని పై తరగతిలో వేయండి. సాధనకి ముందు తూచండి, తరవాతా తూచండి. ఎంత తగ్గితే అన్ని నీళ్ళు పోయినట్టు. తగ్గినంతా, ఇంకాస్త ఎక్కువే తిరిగి తాగించండి. సంఘం పెద్దలారా, పిల్లల్ని ఎండగట్టే శిక్షకుడెవరైనా సరే, ముందు ఆ పని మాన్పించండి. పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. గ్లాసుతో నీళ్ళివ్వండి. తూకం సంగతి తరవాత.