మరకల డాక్టరమ్మ

మా వీధిలో నన్ను మరకల డాక్టరమ్మ అంటారు. సిరా, తుప్పు, ఇంజనాయిలు ఏదైనా సరే, మా డ్రైక్లీనింగ్ షాపులో నా చేతిలో పడితే పోవాల్సిందే. ఆ పొగరు నాకు బాగానే తలకెక్కింది. అందుకే ఒక నెలసరికీ ఇంకో నెలసరికీ మధ్య రక్తం కనబడటం మొదలైనప్పుడు నాకు తట్టింది "ఇదేమిటి?" అని కాదు, "చన్నీళ్లా, పెరాక్సైడా?" అని.

మరక పోయింది, నేను మురిసిపోయాను. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది, మళ్లీ పోగొట్టాను. బట్ట బాగుపడితే మనిషీ బాగుపడినట్టే అనుకుని నెలలు దొర్లించేశాను. ఇంత తెలివైనదాన్ని ఇంకెక్కడైనా చూశారా?

షాపులో ఇస్త్రీ పని మా ఆడపడుచుది. మా ఆయనకి అక్క, వదినా అని పిలుస్తాను. ఒకరోజు రక్తం మరకలు తీసే పెరాక్సైడ్ సీసా ఎత్తి ఊపి చూసింది.

"మొన్నేగా తెచ్చాం, అప్పుడే అయిపోయిందా?"

"మాంసం కొట్టువాళ్ల ఏప్రన్లు వదినా! ఎంత రక్తమో!"

"ఆ కొట్టు మూసేసి రెండు నెలలైందే."

అబద్ధమైనా అతికినట్టు చెప్పడం చేతకాదు నాకు. నిజం కక్కించాక వదిన ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి, షట్టరు దించి, నా రెక్క పట్టుకుని ఆసుపత్రికి ఈడ్చుకుపోయింది.

"ఎన్నాళ్లనుంచి? ఎంత పోతోంది?" అనడిగింది డాక్టరు.

"ఏమోనండీ, ఆనవాలు లేకుండా తీసేశాను" అన్నాను. కాస్త గొప్పగానే అన్నాననుకుంటా. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

పరీక్ష చేసి, గర్భాశయ ముఖద్వారం దగ్గర పాలిప్ ఉందంది. అంటే చిన్న కండ పెరిగిందన్నమాట. ఇలా మధ్యలో రక్తం కనిపించడానికి హార్మోన్ల తేడా, ఇన్ఫెక్షను, గడ్డలు, చాలా కారణాలుంటాయట. అరుదుగా క్యాన్సరు కూడా కావచ్చట. పాలిప్ తీసి, లోపలి పొర ముక్కతో సహా ల్యాబుకి పంపింది.

క్యాన్సరన్న ఆ ఒక్క మాటతో నా పొగరంతా దిగిపోయింది. రిపోర్టు వచ్చేదాకా భయంతో చచ్చాను. ఎవరిదో తెల్లచొక్కాని ఎర్ర దుప్పటితో కలిపి నానబెట్టేశాను కూడా.

చివరికి రిపోర్టులో ప్రమాదమేమీ లేదని తేలింది. మళ్లీ కనిపిస్తే మాత్రం ఉతక్కముందే రమ్మంది డాక్టరు. బయటి మెట్లు దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది, దాంతోపాటు నోరూ లేచింది.

"చూశారా వదినా, ఉత్తపుణ్యానికి షాపు మూయించారు!"

వదిన నవ్వలేదు. మెట్టు మీద కూలబడింది.

"అమ్మకీ ఇలాగే మొదలైంది. నాకప్పుడు పన్నెండేళ్లు. ఎవరికీ చెప్పొద్దంది. ఆ బట్టలు నేనే ఉతికేదాన్ని. ఎంత బాగా ఉతికావే తల్లీ అని మెచ్చుకునేది."

మా అత్తగారిని నేను ఫొటోలో తప్ప చూడలేదు. ఆవిడ ఏ జబ్బుతో పోయిందో ఆ ఇంట్లో ఎవరూ ఎత్తగా వినలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. వదిన పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"తమ్ముడికి ఇప్పటికీ తెలీదు" అంది, వెక్కుతూ.

"ఇవాళ చెబుదాం వదినా" అన్నాను. "నా సంగతి కూడా."