తనది అనే మాట

ఫిల్మ్‌నగర్ ఆఫీసులో ఆ సీను నాలుగోసారి చదివినా దర్శకుడు సృజన్ ముఖం విప్పారలేదు. తల్లి శవం దగ్గర ఇద్దరు కొడుకులు వాదించుకునే సీను అది. పెద్దవాడు సన్యాసి, కర్మకాండ జరగాలంటాడు. చిన్నవాడు నాస్తికుడు, అవన్నీ అబద్ధమంటాడు. రాసింది వరప్రసాద్, ఇరవై ఏళ్లుగా మాటల రచయిత.

సహాయ రచయిత్రిగా కొత్తగా చేరిన సంహిత మెల్లగా అంది. "సార్, ఇద్దరూ నిజం నిజం అని కొట్లాడుతుండ్రు కదా. సంస్కృతంల నిజమంటే 'తనది' అని. మన తెలుగులకొచ్చినంకనే గది సత్యమయింది. ఎవరిది వాళ్లు చెప్పుకుంటుండ్రు, అంతే."

సృజన్ కుర్చీలో ముందుకు జరిగాడు. "ఇదే రాయమ్మా."

ఎం.ఏ. తెలుగు చదివిన వరప్రసాద్‌కు ఆ అర్థం తెలియక కాదు. తెలిసిన మాట తన నోటికి రాకుండా ఆమె నోటికి వచ్చిందే అన్నది అతని బాధ. సాయంత్రం కారులో సృజన్‌తో అన్నాడు. "మతాన్ని కించపరిచారంటారండీ. గొడవలవుతాయి. తీసేద్దాం."

సృజన్ తటపటాయించి, సన్యాసి వేషం వేస్తున్న పట్టాభిరామయ్య గారికి ఆ పేజీ పంపాడు. రోజూ పూజ చేయనిదే కాఫీ ముట్టని మనిషి ఆయన. "ఇందులో తప్పేముందయ్యా? నేను చెబుతాను" అన్నారు.

షూటింగు రోజున ఆయన తమ్ముడి వేషం వేసిన నటుడి భుజం మీద చెయ్యి వేసి చెప్పారు. "నిజమన్న మాటకు పుట్టినచోట అర్థం తనది అని. నువ్వు నీది చెబుతున్నావు, నేను నాది చెబుతున్నాను. అమ్మది ఏమిటో ఇద్దరం అడగలేదురా."

సృజన్ కట్ చెప్పాడు. పట్టాభిరామయ్య గారు తిన్నగా వచ్చి వరప్రసాద్ చేతులు పట్టుకున్నారు. "ఎంత బాగా రాశారండీ."

ఊరుకుంటే ఆ మెప్పు తనకే దక్కేది. పక్కనే సంహిత నిలబడి ఉంది. వరప్రసాద్ అతికష్టం మీద అన్నాడు. "నేను కాదండీ. ఈ అమ్మాయి." అక్కడితో ఆగి ఉంటే బాగుండేది, ఆగలేకపోయాడు. "ఆ అర్థం నాకూ ముందే తెలుసు."

"తెలిసీ మీరెందుకు రాయలేదు?" అని ఆయన మామూలుగానే అడిగారు.

"సారు రాస్తే ఇంకా మంచిగుంటుండె" అంది సంహిత. అందులో వెటకారం వెతికాడు వరప్రసాద్. దొరకలేదు. ఉంటే ఆ రాత్రి కొంచెం నిద్ర పట్టేదేమో.