గోడ దగ్గర కర్ర పట్టినవాడు

వికలాంగుల ఈత పోటీల వాలంటీర్ల ఫారంలో 'ఎందుకు వచ్చారు?' అని ఒక గడి ఉంది. బ్యాంకు గుమాస్తా 'సేవ' అని రాశాడు. ఆయనకి కావాల్సింది ఫొటో. ఒక నర్సు 'చెవులు వినపడని నా తమ్ముడి కోసం' అని రాసింది. ఆ కాగితాల కట్ట మొత్తంలో నిజం అదొక్కటే అయ్యుంటుంది. నేను 'ఖాళీగా ఉన్నాను' అని రాసిచ్చాను. నన్ను బతిమాలి తీసుకొచ్చింది తనే అని, ఆ పోటీలు నడిపేవాళ్ళలో ఒకతైన మా అమ్మాయి మురిసిపోయింది. పోస్టర్లో చేప మొహం చూసిన రోజే నేను నిర్ణయించుకున్నానని దానికేం తెలుసు.

చేప అని అందరూ పిలిచేది ఒక ఈతగాణ్ణి. చూపు లేదు. పన్నెండేళ్ళ కిందట రంగుల ఫ్యాక్టరీలో వాడు నా కింద హెల్పరు, నేను ఫిట్టర్ని. ఒళ్ళు కాల్చేసే కాస్టిక్ నీళ్ళు పారే పైపు విప్పే ముందు స్పానరుతో రెండు దెబ్బలు కొట్టి వినాలి. ఖాళీదైతే గణగణమంటుంది, నిండుదైతే మొద్దుగా పలుకుతుంది. ఆ రోజు షిఫ్టు అయిపోవస్తోంది. కొట్టాను గానీ, వినలేదు.

"ఖాళీయే, విప్పెయ్" అన్నాను.

లోపలున్నదంతా వాడి మొహమ్మీద చిమ్మింది. విచారణలో మాత్రం 'నేను చెప్పలేదు, వాడే తొందరపడ్డాడు' అన్నాను. నా ఉద్యోగం నిలబడింది. నిర్లక్ష్యం వాడి ఖాతాలో పడింది.

మరి ఎందుకొచ్చానంటారా? వాడు బాగానే ఉన్నాడని ఒకసారి కళ్ళారా చూసుకుని పోదామని. ఇందులో సేవా లేదు, నా బొందా లేదు.

గొంతు గుర్తుపడతాడేమోనని అక్కడ నోరు మెదపలేదు. అందరూ మౌనస్వామి అని పేరు పెట్టారు. స్వామికి కర్ర ఇచ్చారు. చూపులేనివాళ్ళు ఈదుతూ గోడకి దగ్గరయ్యేటప్పుడు, కొసన స్పాంజి బంతి కట్టిన పొడుగాటి కర్రతో తలమీద ఒకసారి తట్టాలి. ముందే తడితే వేగం పోతుంది. ఆలస్యమైతే వేళ్ళు విరుగుతాయి, లేదా తల పగులుతుంది.

మొదటిరోజు ప్రాక్టీసులో నా పాడు చెయ్యి రెండుసార్లు తట్టింది.

చేప గోడ పట్టుకుని ఆగిపోయాడు. నల్ల కళ్ళజోడు మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఎవరు కర్ర పట్టింది?"

"మౌనస్వామి. మా నాన్నేలెండి" అని నవ్వింది మా అమ్మాయి.

"అలాగా. పైపులు కొట్టినట్టు కొడతారే మీ నాన్న" అని మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మూడు రోజులు వాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనెటు నడిస్తే వాడి మొహం అటు తిరిగేది.

ఫైనల్‌కి గంట ముందు బట్టలు మార్చుకునే గదికి పిలిపించాడు. బల్లమీద ఒక్కడే కూర్చునున్నాడు.

"తలుపు వెయ్యి అన్నా. లావెక్కావు, అడుగు బరువైంది."

"ఎవరనుకుని మాట్లాడుతున్నావు?"

"అబ్బో, స్వామికి నోరొచ్చింది!" నవ్వాడు. "పోటీ అయ్యాక నాకు మైకిస్తారంట. కళ్ళెలా పోయాయో చెప్పమన్నారు. చెప్తాను. నువ్వన్న మాటతో సహా."

"అక్కడ మా అమ్మాయి ఉంటుందిరా."

"ఉండనీ. మంచి పిల్ల. తనూ వింటుంది."

"అయితే కర్ర ఇంకెవరికైనా ఇప్పించు."

"ఎందుకు? నువ్వే పట్టు."

"నేను తట్టకపోతే?"

"మైకు దాకా రాను. అంతేగా?"

తువ్వాలు భుజాన వేసుకుని, గోడ తడుముకుంటూ వెళ్ళిపోయాడు.

వెళ్ళి రావాలి, అంతే పోటీ. అవతలి గోడ దగ్గర కోచ్, ఇవతల నేను. విజిలు మోగింది. అవతల కోచ్ తట్టాడు, చేప తిరిగాడు. నా వైపు వస్తున్నాడు. కొలను నీళ్ళలో కలిపిన క్లోరిన్ వాసనకి కళ్ళు మండుతున్నాయి. ఒక్క క్షణం, ఒక్క బార ఆలస్యం చాలు. ఎవరూ తప్పు పట్టరు. ముసలాడు, అలవాటు లేదు, పాపం అంటారు. విచారణలో నేనేం చెప్పాలో కూడా నోటిదాకా వచ్చేసింది. అప్పటికప్పుడు, పొల్లు పోకుండా. దాంతో నాకు నా మీదే భయమేసింది.

కర్ర దించాను. సరిగ్గా దించాను.

మూడోవాడిగా గోడ తాకాడు. పైకొచ్చి, రొప్పుతూ చెయ్యి చాచాడు. వేదిక దాకా నడిపించడం కూడా వాలంటీరు పనే. వాడి చల్లటి చెయ్యి నా భుజమ్మీద పడింది.

"ఎన్ని మెట్లు?"

"మూడు. రెండోది తడిగా ఉంది, చూసి" అన్నాను.

పైకెక్కాక ఆగాడు. "నువ్వు దిగిపో కావాలంటే" అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.

"ఉంటాను" అన్నాను.

మైకు మా అమ్మాయి చేతిలో ఉంది. కొంగుతో దాన్ని తుడిచి, మా ఇద్దర్నీ చూసి నవ్వుతూ, వాడి చేతికందించింది.