ఎడమచేతి దారి

మొఖెలె మామయ్యకు కంటి ఆపరేషన్ జరగకపోయి ఉంటే పులా ఆ పాత రాతిగని ముఖం కూడా చూసి ఉండేది కాదు.

కొన్నాళ్ళు కారు నడపొద్దన్నాడు డాక్టరు. పిస్తోలు అసలే ముట్టుకోవద్దన్నాడు. "చూడొద్దని మాత్రం అనలేదుగా," అన్నాడు మామయ్య, ఆదివారం తెల్లారగట్లే మేనకోడలి గుమ్మం ముందు నిలబడి. భుజాల నిండా ఉన్ని దుప్పటి, కళ్ళకి నల్లద్దాలు. "మనవాళ్ళు కాలుస్తుంటే ఓ పక్కన కూచుని చూస్తాను. తీసుకెళ్ళవే పిల్లా."

పులా అసలు పేరు మొట్లలెపులా, వానని వెంటబెట్టుకొచ్చిన పిల్ల అని. నలభై దాటిన మనిషి. మొహొకరె నది ఒడ్డునున్న ఆ ఊళ్ళో డ్రైవింగు పరీక్షలు పెట్టేది ఆవిడే. వారమంతా పక్క సీట్లో కూర్చుని, చెమటలు కక్కే కొత్త డ్రైవర్ల చేతుల్లో తన ప్రాణం పెట్టి, ఒక్క క్షణం రెప్ప వాల్చకుండా రోడ్డు చూస్తుంటుంది. అందుకేనేమో, సెలవు రోజున ఆవిడకి కళ్ళు మూసుకుని ఊరికే కూర్చోవడం తప్ప వేరే సరదా లేదు. విసుక్కుంటూనే తాళాలు తీసుకుంది.

చలి మొదలయ్యే కాలం. దారికి రెండు వైపులా గులాబీ రంగు, తెల్ల రంగు కాస్మోస్ పూలు పొగమంచులో మునిగి తలలు మాత్రం పైకి పెట్టి ఉన్నాయి. గనిలో ఇంకా చిక్కగా ఉంది మంచు. కారు దిగి మామయ్య చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న పులా ఉన్నట్టుండి ఆగిపోయింది.

మంచులో మనుషులు తిరుగుతున్నారు. పది మంది దాకా ఉంటారు. ఆడా మగా, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ. అందరూ రెండు చేతులూ కలిపి ముందుకు చాపి ఉన్నారు. ఆ చేతుల్లో ఏమీ లేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఒకాయన మెల్లగా పక్కకి అడుగులేసి, చెక్క తడికలోని కిటికీ దగ్గర వంగి, లోపలికి చూసి, తల ఊపి వెనక్కొచ్చాడు. ఒకావిడ కళ్ళు మూసుకుని నిలబడి, దేన్నో తలుచుకున్నట్టు నవ్వుకుంది. ఎవరూ ఎవర్నీ చూడడం లేదు. ఎవరూ ఎవరికీ తగలడం లేదు. నిద్రలో నడిచేవాళ్ళంతా ఒకే కలలోకి వచ్చినట్టుంది.

"ఏం చేస్తున్నారు మామయ్యా వీళ్ళు?"

"దారి కంఠతా పడుతున్నారు. యంత్రం పీప్‌మన్నాక ఆలోచించడానికి టైముండదే. ఇప్పుడే తలలో మొత్తం కాల్చేసుకోవాలి."

తర్వాత పేలుళ్ళు మొదలయ్యాయి. మూడు వైపులా ఎత్తుగా పోసిన మట్టిగోడలు, మధ్యలో చెక్క తడికలు, తడికల వెనక అక్కడక్కడా గోధుమరంగు అట్టబొమ్మలు, ఇనప పలకలు. పీప్‌మని చిన్న యంత్రం మోగగానే ఒకరొకరే పరిగెత్తుతూ, ఒక్కో అట్టకి రెండేసి గుళ్ళు కాల్చి, పలకల్ని పడగొట్టి వస్తున్నారు. ఎంత బాగా తగిలిందన్నదీ లెక్కే, ఎంత తొందరగా అయిందన్నదీ లెక్కే. చెవులకి పెట్టుకున్న మూతల్లోంచి ఆ చప్పుడు దూరంగా ఎవరో తలుపు కొట్టినట్టు వినిపించింది పులాకి. ఆవిడ మనసంతా పొద్దుటి ఆ నిశ్శబ్దం దగ్గరే ఉండిపోయింది.

"నాకూ నేర్పుతావా?" అంది కారెక్కుతూ.

"తుపాకులంటే నీకు చిరాకు కదే!"

"ఇప్పటికీ చిరాకే. ఆ నడకుందే, అది కావాలి నాకు."

మామయ్య నల్లద్దాలు తీసి, ఒక కంటితో ఆవిణ్ణి ఎగాదిగా చూసి మళ్ళీ పెట్టుకున్నాడు.

కొత్తవాళ్ళకి జాగ్రత్తలు నేర్పేది హెస్టర్. అరవై దాటిన చెర్రీ తోటల ఆసామి. చిన్నాపెద్దా అందరూ టానీ హెస్టర్, అంటే హెస్టర్ అత్త, అనే పిలుస్తారు. పులాని చూడగానే ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ట్రైలరు వెనక్కి పెట్టే పరీక్షలో నన్ను ఫెయిల్ చేసింది నువ్వే కదూ?"

"మీరు గుంజని కొట్టారు, టానీ."

"కొట్టలేదు. ఒరుసుకుంది."

"ఒరుసుకున్నా అంతే."

హెస్టర్ నడుం మీంచి చేతులు తీసి, "అయితే మనకి బాగానే కుదురుతుంది," అంది. మట్టిగోడకి ఎదురుగా నిలబెట్టి పులా రెండు చేతులూ బార్లా చాపించింది. "ఇదిగో, ఈ చేతి కొస నుంచి ఆ చేతి కొస దాకా గాల్లో ఒక గీత ఉందనుకో. గొట్టం ఎప్పుడూ గీతకి అవతలే ఉండాలి, గోడ వైపు. గీత దాటి మన వైపు తిరిగిందా, ఆ రోజుకి నీ ఆట సరి. గుండు పేలిందా లేదా అని అడగం. ఎందుకు తిరిగిందనీ అడగం. అర్థమైందా?"

అర్థమైంది. రోజూ తను చెప్పే మాటలే కాబట్టి పులాకి కొత్తగా ఏమీ అనిపించలేదు.

పులాది ఎడమచేతి వాటం. మామయ్య ఊళ్ళో గుర్రపు జీన్లు కుట్టేవాడి చేత ఎడమ నడుముకి సరిపడే తోలు ఒర కుట్టించాడు. ఇంట్లో ఖాళీ పిస్తోలుతో ఒర లోంచి తియ్యడం, గుళ్ళు పెట్టే మ్యాగజైను మార్చడం నేర్పాడు. కన్ను నయమయ్యాక గనికి తీసుకెళ్ళి, పక్కనే నిలబడి నింపాదిగా కాల్పించాడు.  

ఆవిడ మొదటి పోటీకి తడికలు ఏ వరసలో పెట్టబోతున్నారో మామయ్యకి ముందే తెలిసింది. తన పెరట్లో బట్టలారేసే తాళ్ళకి దుప్పట్లు కట్టి తడికలు చేశాడు. కుర్చీలే అట్టబొమ్మలు.

"ముందు ఎడమ కిటికీ. అక్కడ అయిపోగానే కుడి వైపుకి పరుగు. పరుగులోనే మ్యాగజైను మార్చు. కుడి కిటికీ దగ్గరికి చేరేసరికి పిస్తోలు నిండుగా ఉండాలి. నేనెప్పుడూ ఇలాగే చేస్తాను."

ఆరుబయట పిస్తోలు తియ్యకూడదు కాబట్టి ఉత్త చేతులతోనే నడిచేది పులా. సాయంత్రం ఎండ దుప్పట్లలోంచి పసుపుపచ్చగా దిగేది. గాలికి అవి ఉబ్బి, మళ్ళీ వాలేవి. నాలుగు రోజులకి కళ్ళు మూసినా కనబడడం మొదలైంది. ఎడమ కిటికీ, అడుగులు, నడుము మీంచి మ్యాగజైను, కుడి కిటికీ. ఆఫీసులో భోజనాల వేళ కనబడేది. నిద్రలో కనబడేది. కలలో తడికలు దుప్పట్లలాగే ఊపిరి పీల్చేవి, కింద గడ్డి మెత్తగా ఉండేది, గుళ్ళు చప్పుడు లేకుండా వెళ్ళి పూలల్లో పడేవి. ఒకరోజు పరీక్షకొచ్చిన అమ్మాయి కూడలి దగ్గర కారాపి, "మేడం, ఎటు తిప్పమంటారు?" అని రెండుసార్లు అడిగింది. "ముందు కిటికీ," అంది పులా.

పోటీ రోజు ఎండ బాగా కాసింది. తన పేరు పిలిచేసరికి గుండె ఎంత నెమ్మదిగా కొట్టుకుంటోందో చూసి పులాకే ఆశ్చర్యం వేసింది. గడియారం యంత్రం పట్టుకుని వెనకే నిలబడింది టానీ హెస్టర్.

"నింపుకో. సిద్ధమేనా? ఇక కదలకు."

పీప్.

అంతా కలలో లాగే ఉంది. ఎడమ కిటికీలో అట్టలు తమంతట తామే ఎదురొచ్చి నిలబడ్డాయి. రెండు, రెండు, రెండు. కాళ్ళు కుడి వైపుకి వాటంతటవే తిరిగాయి. పాత మ్యాగజైను జారి నేల మీద పడింది. కుడిచెయ్యి నడుము మీంచి కొత్తది అందుకుంది. దాన్ని లోపలికి తొయ్యడానికి ఎడమ మణికట్టు కొద్దిగా వొంగింది.

"ఆగు!"

పులా ఆగిపోయింది. ఆ గొంతు ఎక్కడ నుంచో, నీళ్ళ పైనుంచి వచ్చినట్టుంది. తల దించి చూసుకుంటే, పిస్తోలు గొట్టం మట్టిగోడ వైపు లేదు. పక్కకి తిరిగి, ఇంకా కాస్త వెనక్కి తిరిగి, తాడు వెనకాల నిలబడ్డ జనం వైపు చూస్తోంది. అక్కడ మామయ్య ఉన్నాడు.

"గోడ వైపు తిప్పు. ఖాళీ చేసి చూపించు. ఒరలో పెట్టు." హెస్టర్ గొంతులో కోపం లేదు. అన్నీ అయ్యాక చెవుల మీది మూతలు తీసి, "ఇవాళ్టికి నీ పోటీ అయిపోయింది, పులా," అంది.

మామయ్య తాడు దాటి వచ్చేశాడు. "హెస్టర్! దాటలేదు. కాస్త వొరిగిందంతే. నేను చూస్తూనే ఉన్నా!"

"నీకు కన్నెప్పుడు బాగైందయ్యా?"

"మామయ్యా, ఊరుకో," అంది పులా. "వొరిగినా అంతే."

ఆ మాట అన్నాక హెస్టర్ ముఖం చూడలేకపోయింది. తన పక్క సీట్లో కూర్చుని ఏడ్చిన వాళ్ళంతా గుర్తొచ్చారు. వాళ్ళకి రుమాలు కూడా ఇచ్చేది కాదు తను. హెస్టర్ మాత్రం జేబులోంచి ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టి, తర్వాత కాల్చేవాణ్ణి పిలవడానికి వెళ్ళిపోయింది.

ఇంటికి పోదామన్నాడు మామయ్య. పులా ఒప్పుకోలేదు. అతుకుల చుట్ట తీసుకుని, ఒకరు కాల్చడం అయిపోగానే వెళ్ళి అట్టల మీది చిల్లులు మూసే పనిలో పడింది. మధ్యాహ్నం దాకా అదే పని. అట్టల పక్కన నిలబడి వెనక్కి చూస్తే కిటికీలు తారుమారై కనిపించాయి. ఎడమది కుడి, కుడిది ఎడమ. అద్దంలో చూసినట్టుంది. అలా చూస్తూ చాలాసేపు నిలబడిపోయింది.

అందరూ వేడివేడి మక్వెన్యా బూరెల్లో కైమా కూరుకుని తింటున్న వేళ, ఖాళీగా ఉన్న తడికల మధ్యకి ఒక్కతే వెళ్ళింది. ఉత్త చేతులు చాపింది. ఈసారి కుడి కిటికీ నుంచి మొదలుపెట్టి ఎడమకి నడిచింది. మణికట్టు వొంచి చూసుకుంది. చూపుడు వేలు తిన్నగా మట్టిగోడనే చూస్తోంది. ఇంకోసారి నడిచింది. అప్పుడూ అంతే.

చేతిలో సగం కొరికిన బూరెతో చూస్తున్న మామయ్య నమలడం మానేశాడు.

"ఓరి నా బుర్ర మండ!" అన్నాడు. "నాది కుడిచెయ్యి. ఎడమ నుంచి కుడికి పోతే నాకు గొట్టం గోడ వైపే ఉంటుంది. నీకు ఉండదు. ఒర ఎడమ వైపుకి కుట్టించాను గానీ, దారి మాత్రం నాదే ఇచ్చాను. హెస్టర్‌తో చెబుతానుండు."

"చెప్పి?"

"తప్పు నాదని."

"పిస్తోలు నా చేతిలో ఉంది మామయ్యా."

ఆయన చేతిలోని మిగతా సగం బూరె ఆవిడకిచ్చాడు.

చాలా రోజులు పులాకి కలలు రాలేదు. కళ్ళు మూస్తే చాలు, ఆ గొట్టమూ, దానికి ఎదురుగా మామయ్య భుజాల మీది దుప్పటీ కనబడేవి. గని వైపు వెళ్ళలేదు. మామయ్య ఫోన్ చేస్తే పనుందనేది. ఆయన బతిమాలలేదు. పెరట్లో దుప్పట్లు మళ్ళీ కట్టి, ఒక సాయంత్రం ఆవిణ్ణి భోజనానికి పిలిచాడు. తినడం అయ్యాక పెరటి తలుపు తెరిచిపెట్టి, లోపలికెళ్ళి రేడియో పెట్టుకున్నాడు. ఎటు నుంచి మొదలుపెట్టమనీ చెప్పలేదు, చూడనూ లేదు. పులా చీకటి పడేదాకా ఆ దుప్పట్ల మధ్య తిరిగింది.

నడి చలికాలంలో ఇంకో పోటీ జరిగింది. నది అవతల మలోతి కొండల మీద మంచు పడి, ఆకాశానికి అంచు కుట్టినట్టు తెల్లగా ఉంది. ఫ్రీ స్టేట్ రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చారు జనం. పొద్దుటి చలిలో చేతులు చాపి నడుస్తున్న వాళ్ళ మధ్యకి పులా కూడా వెళ్ళింది. అందరూ ఎడమ నుంచి కుడికి వెళుతుంటే ఆవిడ ఒక్కతే ఎదురు నడిచింది.

"అక్కా, అటు రాంగ్ రూటు!" అన్నాడు పొరుగునున్న బెత్లెహెమ్ అనే ఊరి నుంచి వచ్చిన కుర్ర డెంటిస్టు.

"నా దగ్గర లైసెన్సుంది తమ్ముడూ. నీకుందా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వుతో ఆవిడకి ఊపిరి బాగా అందింది.

పీప్ మోగింది. ఈసారి గడ్డి మెత్తగా లేదు. నేల గట్టిగా, చల్లగా కాళ్ళకి తగిలింది. బూట్ల కింద మంచు పొరలు విరిగాయి. ప్రతి గుండూ చేతిని వెనక్కి తోసింది. అయినా అన్నిటి చుట్టూ ఏదో వెలుగు అంటుకుని ఉంది. కాలం సన్నటి తీగలా కాకుండా వెడల్పుగా, నడిచిపోవడానికి వీలైన మైదానంలా తెరుచుకుంది. కుడి కిటికీ అయింది. ఎడమకి పరుగెత్తుతూ మ్యాగజైను మార్చింది. గొట్టం గోడనే చూస్తోంది. ఎడమ కిటికీ. ఇనప పలకలు ఒకటొకటిగా తలలు వంచి పడుకున్నాయి. పడిన చప్పుడు గని గోడలకి తగిలి తిరిగొచ్చేదాకా ఆవిడ విన్నది.

"అయిపోయిందా?" అంది హెస్టర్.

"అయిపోయింది."

"నిజంగా?"

"నిజంగానే టానీ."

"సరే. ఖాళీ చేసి చూపించు." పిస్తోలు ఒరలో పెట్టించాక హెస్టర్ తడిక మధ్యలోని సందు వైపు గడ్డంతో చూపించింది. సందు అవతల ఒక అట్టబొమ్మ తాజాగా, ఒక్క చిల్లు లేకుండా నిలబడి ఉంది. పులా దాని ముందు నుంచే పరుగెత్తుకుంటూ పోయింది.

ఆవిడకి నవ్వొచ్చింది. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేనంతగా. హెస్టర్ కూడా నవ్వింది.

ఆ ఒక్క అట్టకీ మార్కులు దండిగా కోసేశారు. సాయంత్రం ఫలితాలు చదివితే పులా చివరి నుంచి రెండోది. చివర ఉన్నది డెంటిస్టు కుర్రాడు. వాడి పిస్తోలు మధ్యలో మొరాయించింది. వాడొచ్చి ఆవిడ పక్కన కూలబడ్డాడు. ఇద్దరూ గెమెరె అనే అల్లం పానకం తాగుతూ, ఎవరిది ఎక్కువ దిక్కుమాలిన రోజో వాదించుకున్నారు. మామయ్య మూడోవాడిగా నిలిచాడు గానీ ఆ సంగతి ఎవరితోనూ ఎత్తలేదు.

తిరుగుదారిలో పులా నెమ్మదిగా నడుపుతోంది. కొండల మీది మంచు మొదట ఎర్రగా, తర్వాత నీలంగా మారింది. పక్క సీట్లో మామయ్య దుప్పటి ముసుగేసుకుని కునుకు తీస్తున్నాడు.

"నువ్వెలా చూడలేదే దాన్ని?" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "అంత ఎదురుగా ఉంటే!"

"నాకు తెలీదు మామయ్యా. ఆ సందులోంచి కొండలు కనబడ్డాయి."

మామయ్య దుప్పటి ముసుగు ఇంకాస్త పైకి లాక్కున్నాడు. పులా దీపాలు వేసి, ఊళ్ళోకి పోయే వంతెన వైపుకి కారు తిప్పింది.