నలభై ఐదు మైళ్ళ లోపు

"ఆ కారుతో నీకేం పని గ్లెన్, అమ్మేస్తే పీడా పోతుంది" అని ఆల్విన్ అన్నప్పుడు గ్లెనిస్ బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. ముప్పై నాలుగేళ్ళుగా ముఖ్యమైన మాటలన్నీ అతను ఆమె చేతులు ఖాళీగా లేనప్పుడే అన్నాడు. ఉద్యోగం మానేసి తన గ్యారేజీలో ఫోన్ల దగ్గర కూచోమన్నప్పుడు ఆమె తడి దుప్పట్లు ఆరేస్తోంది. మా అమ్మ ఇకనుంచి మనతోనే ఉంటుందన్నప్పుడు ఓవెన్‌లో తల దూర్చి జిడ్డు గోకుతోంది. చేతిలో పనున్న మనిషి "చూద్దాంలే" అంటుంది. ఆ "చూద్దాంలే" అతని చెవికి "సరే" అనే వినబడుతుంది.

"చూద్దాంలే" అంది గ్లెనిస్. అన్నాక నాలుక కరుచుకుంది.

కారు ఆమెది. ఏడేళ్ళ కిందట ఒల్వెన్ పిన్ని పోతూ పోతూ ఆమెకు రాసిచ్చిన ముదురాకుపచ్చ కారు. రెండే సీట్లు, మడత పెట్టే గుడ్డ పైకప్పు, నాలుగు గేర్లు. పెళ్ళి చేసుకోని పిన్ని నర్సుగా కొండల మీద ఇల్లిల్లూ తిరిగింది ఆ కారులోనే. గ్లెనిస్‌కి పదహారేళ్ళప్పుడు ఆదివారాలు పక్కన కూచోబెట్టుకుని సముద్రానికి తీసుకెళ్ళేది. వాగు దాటాక రోడ్డు రెండు మైళ్ళు తిన్నగా సాగే చోట "పట్టుకోవే పిల్లా" అని గట్టిగా తొక్కేది. అరవై, డెబ్భై. ఆ రెండు మైళ్ళలో గ్లెనిస్ ఎవరి కూతురూ కాదు, ఎవరికీ ఏమీ కాదు. ఈ ఇంట్లో ఆమెకు తనదని చెప్పుకోడానికి ఉన్నది ఆ కారొక్కటే. కాగితాల మీద మాత్రం కీపర్, అంటే బండి బాధ్యత చూసేవాడు, ఆల్విన్ ప్రోసర్. "గ్యారేజీవాడి పేరు మీదుంటే ఇన్సూరెన్సు సులువు" అని ఫారం తనే నింపాడు. కీపర్ అంటే యజమాని కాదని ఆ కాగితం మీదే అచ్చేసి ఉంటుంది. ఇంట్లో ఆ ముక్క చదివింది గ్లెనిస్ ఒక్కతే.

అతను దాన్ని అమ్మాలని చూడటం ఇది మొదటిసారి కాదు. ఈ రెండేళ్ళూ కారు అమ్ముడుపోకపోవడానికి కారణం దాని వణుకు. గంటకి నలభై ఐదు మైళ్ళ దాకా బుద్ధిగా వెళ్తుంది. యాభై దాటిందా, నేల అదురుతుంది, సీటు అదురుతుంది, అద్దంలో వెనకొచ్చే బండి రెండు బళ్ళవుతుంది. కొనడానికి వచ్చిన ఇద్దరూ ఒక్క చుట్టు తిప్పి, దణ్ణం పెట్టి పోయారు. ఆల్విన్ చక్రాలు తూకం వేయించాడు, టైర్లు మార్చాడు, ఇంజను కింద రబ్బర్లు మార్చాడు. చివరికి "ముసలి కారు, వణక్కేం చేస్తుంది" అని తేల్చేశాడు. రెండేళ్ళ కిందట, వణుకు మొదలైన కొత్తల్లో, గ్లెనిస్ ఒక్కసారి నోరు విప్పింది. "క్లచ్ మార్చినప్పట్నుంచే కదా ఇది?" అంది. "అంటే నా పనిలో తప్పుందంటావా?" అన్నాడతను. తర్వాత మూడు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే సారీ చెప్పింది. దేనికి చెప్పిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

గురువారం ఆల్విన్ కార్ల వేలానికి వెళ్ళాడు. మేడ మీద అత్తగారు మిసెస్ ప్రోసర్ కునుకు తీస్తోంది. గ్లెనిస్ ఏప్రన్ కూడా విప్పకుండా కారెక్కి సముద్రం వైపు పోయే ఆబరిస్ట్‌విత్ రోడ్డు పట్టింది.

ఈ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. ముప్పై ఏళ్ళు ఫోను పక్కన కూచుని కార్ల జబ్బులు రాసుకున్నది ఆమే. "ఎప్పుడు మొదలైందండీ? బ్రేకేస్తే ఎక్కువవుతుందా? మలుపులోనా, తిన్నగా పోతున్నప్పుడా?" అని అడిగేది ఆమే. ఆ చీటీ తీసుకెళ్ళి ఆల్విన్ బండి బాగు చేస్తే జనం అతని బుర్రని మెచ్చుకునేవాళ్ళు. ఇవాళ ఆమె తన కారునే అడిగింది. యాభై దాటించింది. వణుకు వచ్చింది. స్టీరింగ్ మీద వేళ్ళు నిమ్మళంగానే ఉన్నాయి, అదురంతా కిందనుంచి నడుములోకి వస్తోంది. అయితే ముందు చక్రాలు కావు. క్లచ్ తొక్కి, గేరు మధ్యకి లాగి, ఇంజనుని ఊరికే వదిలేసింది. కారు తన ఊపుమీద తను పోతోంది. వణుకు అలాగే ఉంది. అయితే ఇంజనూ కాదు, క్లచ్చూ కాదు. మూడో గేరులో పెట్టి అదే వేగంలో ఇంజను గోల పెట్టేలా తొక్కింది. వణుకు పెరగలేదు, తరగలేదు. వెనక చక్రాలు ఆల్విన్ రెండుసార్లు మార్చి చూసినవే. ఇక మిగిలింది గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసు దాకా కారు కింద పోయే పొడుగాటి ఇనుప గొట్టం, షాఫ్టు. క్లచ్ మార్చాలంటే ముందుగా ఊడదీయాల్సింది దాన్నే.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. క్లచ్ మార్చిన రోజు లైటు పట్టుకున్నది తనే. షాఫ్టు చివర ఒక ఇనుప బిళ్ళ, ఇరుసు దగ్గర ఇంకో బిళ్ళ, రెంటినీ కలిపి నాలుగు బోల్టులు. విప్పేముందు రెండు బిళ్ళల మీదా కలిసేలా ఒక గీత గీసుకోవాలి, ఏ ముఖం దేనికి ఎదురుగా ఉందో మళ్ళీ అలాగే కూచోబెట్టాలి. సగం తిరిగిపోయినా బోల్టులు చక్కగా పడతాయి, ఎవరికీ తెలీదు. కారుకి తెలుస్తుంది. సుద్దముక్క దొరక్క గ్లెనిస్ తన బ్యాగులోంచి ఎర్ర గోళ్ళరంగు తీసి గీత గీసింది. ఆల్విన్ పగలబడి నవ్వాడు. "ఇదేమన్నా బ్యూటీ పార్లరా?" అని, రంగు ఆరకముందే గుడ్డతో తుడిచేశాడు.

ఇంటికొచ్చి కొట్టంలో, బళ్ళ కింద పని చేయడానికి తవ్విన గుంత మీద కారుని నిలిపింది, వెనక చక్రం ఒకటి జాకీతో లేపింది, మోకాలు తిడుతున్నా గుంతలోకి దిగింది. చెయ్యి సాచి మడ్డి గీకింది. షాఫ్టు బిళ్ళ మీద, బోల్టు సందులో, వడ్లగింజంత ఎరుపు. చక్రాన్ని తిప్పి ఇరుసు బిళ్ళ చూసింది. అక్కడా ఉంది, సరిగ్గా అవతలి వైపు. సగం చుట్టు తేడా. రెండేళ్ళు! తన గీతే, తను చెప్పిందే. గుంతలో నిలబడి గ్లెనిస్ పైకే తిట్టింది. చర్చికి వెళ్ళే మనిషి అనకూడని మాటే అంది.

నాలుగో బోల్టు ఊడి షాఫ్టు బరువు చేతుల్లోకి వచ్చిన క్షణాన పైన గంట మోగింది. మంచం పక్కన పెట్టుకున్న ఇత్తడి గంట, అత్తగారిది. కొడుకూ కోడలూ ఆవిణ్ణి మామ్ అనే పిలుస్తారు.

"వస్తున్నా మామ్!"

మళ్ళీ మోగింది. వదిలితే షాఫ్టు కింద పడుతుంది. వెళ్ళకపోతే ఆ గంట ఆగదు. గ్లెనిస్ ఏప్రన్ విప్పి, దాని నాడాలతో షాఫ్టుని పైనున్న కారు చట్రానికి ఉరేసినట్టు కట్టి, పద్నాలుగు మెట్లెక్కి, టీ ఇచ్చి, దిండు సర్దింది.

"మగాళ్ళ కొట్టంలో ఏం చేస్తున్నావే?" అంది అత్తగారు. ఆవిడ కిటికీ సరిగ్గా కొట్టం వైపే.

"ఏం లేదు మామ్, సర్దుతున్నా."

కిందికి దిగి, షాఫ్టుని సగం తిప్పి, రెండు ఎరుపులూ ఎదురెదురు పెట్టి బిగించింది. మళ్ళీ రోడ్డెక్కింది. యాభై. యాభై ఐదు. వాగు దాటాక అరవై ఐదు. అద్దంలో వెనక లారీ ఒక్కటే లారీ. సీటు కింద రోడ్డు పట్టుగుడ్డలా జారిపోతోంది. గ్లెనిస్ ఏడ్చింది. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా, స్టీరింగ్ వదలకుండా ఏడ్చింది.

ఆల్విన్‌కి చెప్పకుండా ఉండాల్సింది. కానీ వణుకు పోయిందని చెప్పింది. ఒక్క మాట వినాలనిపించింది, అంతే. "భలే పట్టావే" అన్న ఒక్క మాట. సాయంత్రం అతను కారు తీసుకెళ్ళి ఇరవై నిమిషాల్లో వెలిగిపోతూ వచ్చాడు.

"చెప్పానా, కొత్త టైర్లు సర్దుకోడానికి టైము పడుతుందని!"

"టైర్లు కాదు ఆల్విన్. ఇంజను వదిలేసి చూశా, అదీ కాదు. షాఫ్టు. క్లచ్ వేసినప్పుడు సగం చుట్టు తిరగేసి బిగించావు. ఇవాళ నేను విప్పి మార్చాను."

"నువ్వా? గుంతలోకి దిగావా?" అతను కాసేపు ఆమె చేతుల కేసి చూశాడు. "సరేలే, ఈ మాట బయటెక్కడా అనకు. ఊళ్ళో నవ్వుతారు."

అటు తిరిగి ఫోనెత్తాడు. వెనక్కి పోయిన ఇద్దరిలో రెండోవాడు, ష్రూస్‌బరీ పట్నం దంతవైద్యుడు పెంబర్టన్‌కి. "షాఫ్టు సార్! పట్టేశాను. సగం చుట్టు తేడా, అంతే. ముందు ఇంజను వదిలేసి చూశా, అదీ కాదు... అవునండీ, అనుభవం మరి." గ్లెనిస్ గరిటె పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి, తన మాటలు ఒక్కొక్కటే అతని నోట్లోంచి రావడం విన్నది. ఒళ్ళు మండిపోయింది. కూర అడుగంటింది.

"అది నా కారు" అంది, అతను ఫోను పెట్టేశాక.

"నీది కాదని ఎవరన్నారు? నీ మేలు కోసమే కదా అమ్మేది. ఆ గట్టి క్లచ్ తొక్కుతుంటే నీ మోకాలేం కాను? ఆ డబ్బుతో మామ్‌కి మెట్ల లిఫ్టు పెట్టిద్దాం, కుర్చీలో కూచుని తనే కిందికి దిగొస్తుంది. రోజుకి ఇరవైసార్లు ఎక్కి దిగేది నువ్వేగా. శనివారం పదకొండు గంటల రైలుకి వస్తాడాయన. కారు నడుపుకుంటూ ఇంటికి వెళ్తాడు."

ఏమనగలదు? ముసలావిడకి లిఫ్టు వద్దంటుందా? తన మోకాలికి సుఖం వద్దంటుందా? అతను మంచివాడే, ఊరంతా చెప్తుంది. తాగడు, కొట్టడు. అందుకే ఆమె నోట్లో ఏ మాటా నిలవదు. దేన్ని తప్పనాలో తెలిసేసరికి అది మంచితనమై కూచుంటుంది. ఆ రాత్రి అంట్లు తోముతూ గ్లెనిస్ ఒక సంగతి స్పష్టంగా తెలుసుకుంది. కారు వణికినంతకాలం తనదే. బాగు చేసిన రోజే పోయింది. బాగు చేసింది తనే.

శనివారం ఆల్విన్ కారు కడిగి, మెరిపించి, కొట్టంలో పెట్టి, వ్యానులో స్టేషనుకి వెళ్ళాడు. పోను ఇరవై నిమిషాలు, రాను ఇరవై. గ్లెనిస్ గుంతలోకి దిగింది. ఈసారి చేతులు తడుముకోలేదు. నాలుగు బోల్టులు విప్పింది. సగం తిప్పింది. బిగించేటప్పుడు ఒక్క క్షణం ఆగింది. బాగున్నదాన్ని చెడగొట్టడం ఆమె జీవితంలో ఎన్నడూ చేయని పని. ఎండిపోయిన రొట్టెని కూడా పుడ్డింగు చేసే మనిషి. కళ్ళు మూసుకుని బిగించేసింది.

పైకి వచ్చేసరికి గంట మోగుతోంది. అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో ఉంది.

"ముందు చేతులు కడుక్కో" అంది ఆవిడ, తల తిప్పకుండానే. "గోళ్ళ నిండా నలుపు. వాడు వచ్చేస్తాడు."

గ్లెనిస్ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"లిఫ్టు కావాలా అని నన్నెవరైనా అడిగారా?" అంది ముసలావిడ. "ఈ ఇంట్లో ఎవరు ఎవర్నడిగారు గనక? వెళ్ళు, సబ్బు పెట్టి రుద్దుకో."

పెంబర్టన్, ఆల్విన్ కలిసే కారులో ఓ చుట్టు తిరగడానికి వెళ్ళారు. పావుగంటలో వచ్చేశారు. దంతవైద్యుడు టోపీ సర్దుకుంటూ దిగాడు. "అనుభవమన్నారు మిస్టర్ ప్రోసర్. నా పళ్ళు ఊడేలా ఉన్నాయి. నన్ను స్టేషనులో దింపుతారా?" మర్యాదగానే అన్నాడు. ఆల్విన్ ముఖం కందగడ్డయింది.

దింపి వచ్చి, తాళాలు వంటింటి బల్ల మీదికి విసిరాడు. "మొన్న బాగానే ఉందిగా! నువ్వు బిగించిన బోల్టులు వదులైపోయుంటాయి. ఆడవాళ్ళ చేతి బిగువు ఎన్నాళ్ళుంటుంది?" అన్నాడు. "కొట్టంలో పడి ఏడవనీ. ఇక దాని జోలికి నేను రాను. నీ కారు నువ్వే ఉంచుకో, పో."

ఆ ఒక్క ముక్క కోసం ఏడేళ్ళు చూసింది గ్లెనిస్. వచ్చాక చూస్తే సంతోషం ఏమీ లేదు. తాళాలు తీసి, తేమ తుడిచి, టీ డబ్బా పక్కన మేకుకి తగిలించింది.

ఆదివారం ముసలావిడకి భోజనం పెట్టి, అంట్లు తోమి, కారు తీసుకుని సముద్రం వైపు బయల్దేరింది. గుడ్డ పైకప్పు మడిచింది. ఎండ ఉంది. షాఫ్టు మళ్ళీ తిప్పి బిగించడం నలభై నిమిషాల పని, ఏ రోజు కావాలన్నా చేసుకోవచ్చు, చేస్తే పట్టుగుడ్డలా పోతుంది. చేస్తే కొనడానికి ఎవడో ఒకడు రైల్లో వస్తాడు. వాగు దాటింది. ముందు రెండు మైళ్ళ తిన్నని రోడ్డు, ఒక్క బండి కూడా లేదు. స్పీడు ముల్లు నలభై నుంచి నలభై ఐదుకి వచ్చింది.

గ్లెనిస్ యాక్సిలరేటర్ మీంచి కాలు పైకి తీసింది.